నీళ్ళే పోశానన్నాను

పచ్చి పసుపు గంప నెత్తిన పెట్టుకుని తడి గట్ల మీద నడిచినదాన్ని నేను. బరువు నాకు కొత్త కాదు. గంపయితే ఇల్లు చేరగానే దించేస్తాం. మెడ కాసేపు గుంజుతుంది, ఒక చాయ్ తాగితే పోతుంది. కానీ ఒక మాటను మాత్రం ఇన్నేళ్ళూ దించలేకపోయాను. మా ఇంటి స్లాబు మీద, మా అత్త అడిగితే, మా యారాలు వింటుండగా అన్న చిన్న మాట అది. యారాలంటే మా వైపు తోటికోడలు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువుగా ఉంది. నా పేరు మాత్రం అడగకండి. మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఐదో తరగతితో బడి మానేశాను. రాత వంకర, జ్ఞాపకం మాత్రం వంకర కాదు. ఆ రోజు అత్త కట్టుకున్న చీర అంచు ఏ రంగో కూడా చెప్పగలను. ఆకుపచ్చ.

ఇది ఏడుపు కథ అనుకోకండి. నేను బాగున్నాను. పిల్లలు వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు నిలబడ్డారు, నా మోకాళ్ళు ఇంకా నా మాట వింటున్నాయి, పొద్దున మొక్కలకు నీళ్ళు పట్టడం మొదలుపెడితే ఎండ ఎప్పుడెక్కిందో తెలియదు. బాగున్నాను కాబట్టే ఇది గుచ్చుకుంటోందేమో. కష్టంలో ఉన్నప్పుడు పాత తప్పులను తిరగేసే తీరిక ఎవరికుంటుంది?

మా మరిది పెళ్ళి చేసుకుని శోభను ఆదిలాబాద్ అవతల నుంచి తెచ్చుకున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉండేది. మాటలో కొంచెం మరాఠీ వాసన. అన్నం పెడితే జొన్నరొట్టె లేదా అని అడిగేది. కొత్త కోడలి వాసన పోకముందే మరిది దుబాయ్ వెళ్ళిపోయాడు. అక్కడ మొక్కలు పెంచే నర్సరీలో పని. కొన్నాళ్ళకు అక్కడి నుంచి సెలవు మీద వచ్చే మా ఊరతని చేతికి ఇంటికని ఒక మూట ఇచ్చి పంపాడు. అందరం చుట్టూ కూర్చున్నాం. విప్పితే గోధుమరంగు ఇటుకలు.

“అందరి కొడుకులు దుబాయ్ నుంచి బంగారం పంపుతరు. నా కొడుకు ఇటుకలు పంపిండు” అంది అత్త. ఆ మాట చెప్పుకుని ఊళ్ళో చాలా రోజులు నవ్వారు.

అవి కొబ్బరి పీచు పొట్టును గట్టిగా నొక్కి చేసినవి. శోభ ఒక ఇటుకను తొట్టిలో వేసి నీళ్ళు పోసింది. పిండి పులిసినట్టు పొంగి తొట్టి నిండింది. నా పిల్లలు చప్పట్లు కొట్టారు. మట్టి అక్కర్లేదట, ఇందులోనే మొక్కలు పెంచుతారట. మా ఇంటికి అదే కావాలి. స్లాబు పాతది, వానకు ఉరుస్తుంది, బరువు పడితే కూలుతుందని మామ దాని మీదికి తట్టెడు మట్టి కూడా ఎక్కనిచ్చేవాడు కాదు. ఈ పొట్టు దూది లాగా తేలిక. శోభ పాత రంగు డబ్బాలకు అడుగున చిల్లులు పెట్టి, పొట్టు నింపి, టమాట, మిరప, బంతి పెట్టింది. పిట్టగోడ పక్కన నాలుగు డబ్బాల్లో తమలపాకు తీగ నాటి తాళ్ళకు పాకించింది.

ఆమె పని నేను పక్కన నిలబడి చూసేదాన్ని. డబ్బాను కొంచెం ఎత్తి చూస్తే చాలు, దాహం ఉందో లేదో చెప్పేది. ఒకసారి నీళ్ళు పోసి ఆగేది, పొట్టు మెత్తబడ్డాక మళ్ళీ పోసేది, అడుగు చిల్లులోంచి కారేదాకా పోసేది. నీళ్ళలో కరిగే పొడి ఒకటి చిటికెడు కలిపి, పలుచని మజ్జిగంత పలుచగా తాగించేది. మధ్యలో ఒకరోజు ఉత్త నీళ్ళతో పొట్టునంతా కడిగేసేది. ఇవన్నీ మరిది ఫోన్లో చెప్పినవే. ఇంట్లో సిగ్నల్ అందేది కాదు, అందినా అందరి చెవులూ ఆమె మీదే ఉండేవి. స్లాబు మీద మొక్కలూ, గాలీ, ఆమే. ఫోన్లో బొమ్మ కనిపించే రోజులు కావవి. ఆకు ఎంతయిందో నోటితోనే చెప్పేది. “మొన్న నా బొటనవేలంత ఉండె, ఇయ్యాల అరచెయ్యంత అయింది.” అవతల నుంచి ఆయన ఏమనేవాడో, గలగలా నవ్వేది. బట్టలు తేవడానికి వెళ్ళి, మెట్ల మీద ఆగి, ఆ నవ్వు అయ్యాకే పైకి వెళ్ళేదాన్ని. నీళ్ళు పోసే వంకతో మొగుడూ పెళ్ళాం చేసుకున్న కాపురం అది. అది నాకు తెలుసు. తెలిసే ఇదంతా చేశానని మీరు గుర్తుపెట్టుకోవాలి.

అత్తకు ఆకు వక్క లేనిదే పొద్దు పోదు. తీగ అందుకున్నాక అంగడి ఆకు మానేసింది. వచ్చిన ప్రతి మనిషికీ రెండాకులు చేతిలో పెట్టి, “మా చిన్నకోడలు పెంచింది. ఆ చేతిల ఏమున్నదో ఏమో” అనేది. నేను వండిన కూరతో అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ అనేది. నా చేతిలో ఏముందో ఆమె ఎప్పుడూ అనలేదు. అనకపోతే ఏం? ఏమీ లేదు. కానీ నేను రేగడి భూమిలో పుట్టినదాన్ని. పసుపు, మక్క, వరి, ఏది వేసినా నా చేతి కింద మొలకెత్తింది. పొట్టులో ఆకు పెంచినదానికి పొగడ్త, పొలం చేసినదానికి గిన్నెలు. ఇది అసూయేనా అని అప్పుడు అడిగి ఉంటే కాదనేదాన్ని. ఇప్పుడు అడిగితే అవునంటాను.

ఒక ఎండాకాలం శోభ వాళ్ళమ్మకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. పోతూ మొక్కలు నాకు అప్పజెప్పింది. “అక్కా, గిది మట్టి గాదు. దీంట్ల బలం ఉండది, మనం పెట్టిందే తింటది. నిదానంగ తడుపు, పలుచగ పెట్టు” అంది. పొడి డబ్బా నా చేతికిచ్చింది. నేను తలూపాను. లోపల మాత్రం నవ్వుకున్నాను. నాకు మొక్కలు పెంచడం నేర్పుతోంది, చూడండి.

ఆ పొడి మూత కూడా తీయలేదు. చిటికెడు పొడి బకెట్ నీళ్ళలో ఏ మూలకొస్తుంది? పొద్దున ఒక చెంబు పట్టుకుని వాకిట్లో సాన్పి, అదే కల్లాపి, చల్లినట్టు చల్లి వచ్చేదాన్ని. ఎండిన పొట్టు నీళ్ళు తాగదు. పక్కల నుంచి జారి కిందికి పోతాయి. అడుగున కారుతున్నాయి కదా, తడిసిందే అనుకున్నాను. ఆకులు పాలిపోయాయి. రేపు శోభ వస్తుందనగా ఏదో ఒకటి చేయాలనుకున్నాను. మెట్ల కింద పసుపు చేనుకని తెచ్చిన యూరియా సంచి ఉంది. తీగ డబ్బాలు నాలుగింటిలోనూ తలా పిడికెడు వేశాను. చేతికి తెలిసిన కొలత అది. చేనులో అంతే కదా వేస్తాం, భూమి కొంత తాను దాచుకుని, కొంత మొక్కకిస్తుంది. ఒక్క రాత్రిలో ఆకులు నల్లగా నిగనిగలాడతాయనీ, పెద్దకోడలు బాగా చూసుకుందని అత్త అంటుందనీ అనుకున్నాను. అక్కడిదాకా నేను చేసింది తెలివితక్కువ పనే. పాపం అని చెప్పను.

శోభ బస్సు దిగి, సంచి అరుగు మీద పడేసి, నేరుగా పైకి పరుగెత్తింది. తీగలన్నీ నిమిరి వచ్చింది. మర్నాడు పొద్దున బయట ఉన్నానని చెప్పి దూరం కూర్చుంది. అప్పట్లో మా ఇంట్లో నెలసరి అంటే వంటింట్లోకి రాకూడదు, తులసినీ తమలపాకునూ అసలే ముట్టకూడదు. ముడితే తీగ మాడి చస్తుందని నమ్మకం. మా అమ్మ నమ్మింది, అత్త నమ్మింది, నేనూ నమ్మాను. ఆ మర్నాడు ఆకు కోసుకోవడానికి అత్త స్లాబెక్కింది. ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడి ఉన్నాయి. కొసలు వేలాడుతున్నాయి. అత్త గొంతు వీధి దాకా వినిపించింది. నేను ఉరికాను. శోభ కూడా వచ్చింది.

“ఆడనే, మెట్ల మీదనే ఆగు” అంది అత్త శోభతో. “బస్సు దిగంగనే పైకెందుకు ఉరికినవ్?”

“మొక్కలు చూద్దామని అత్తా.”

“చూసినవా, ముట్టినవా?”

“ముట్టిన. అప్పటికి నాకేం లేదు. మా అవ్వ మీద ఒట్టు.”

“ఆమెకు అసలే పానం బాగలేదు, ఆమె మీదెందుకు ఒట్టు? తెల్లారి బయట ఉన్ననంటివి. బస్సులనే అయినవో, మీ ఇంట్లనే అయినవో, ఎవలు చూసిండ్రు? మనిషి అబద్ధమాడ్తది గని తీగ ఆడదు.” నా వైపు తిరిగింది. “పెద్దదానా, నువ్వేమన్న వేసినవా దీనికి?”

ఎంతసేపు పడుతుంది చెప్పడానికి? వేశానత్తా, యూరియా వేశాను. రెండు తిట్లు పడేవి. సాయంత్రానికి మర్చిపోయేది.

“నీళ్ళే పోసిన అత్తా” అన్నాను.

శోభ మెట్ల మీద నుంచి మెడ చాపి చూస్తోంది. “అక్కా, జర పొట్టు మీద తెల్లగ ఉప్పేమన్న పేరుకున్నదా చూడవా?”

వంగి చూశాను. తెల్లగానే ఉంది. “ఏం కనవడ్తలేదు” అన్నాను.

“అయినా మంచిదే. మస్తు నీళ్ళు పొయ్యి అక్కా. కిందికెల్లి పారేదాక పొయ్యి, ఆగి మల్ల పొయ్యి. వేర్లల్ల ఇంక పానమున్నది దానికి.”

“పానం తీసి, పానమున్నదంటది” అంది అత్త. “నడువ్ కిందికి. ఇగ ఈ మెట్లెక్కితే చూడు.”

ఇద్దరూ దిగిపోయారు. నేను ఉన్నాను. మూలన, కింద గోడ ఉన్నచోట, డ్రమ్ము నిండా నీళ్ళున్నాయి, పక్కనే బకెట్. ఇక్కడ రాయడం ఆపి లేచి వెళ్ళాను, చాయ్ పెట్టుకుని తాగి వచ్చాను. యూరియా సంగతి చెప్పాను. అబద్ధం సంగతీ చెప్పాను. ఇక్కడికి ఆపేస్తే ఏం? మీకెలా తెలుస్తుంది? కానీ నన్ను తిన్నది అవి రెండూ కావు. ఇది.

నేను నీళ్ళు పోయలేదు.

బకెట్ ముంచాను, ఎత్తాను, ఆగాను. పోస్తే బతుకుతాయేమో. బతికితే, చచ్చేది ముట్టు వల్ల కాదని తేలుతుంది. మరి ఎందువల్ల అని అడుగుతారు. ఆ ఆలోచన ఇంత వరసగా నడిచిందా, లేక ఇప్పుడు నేను వరసలో పెడుతున్నానా? ఏమో. చెయ్యి మాత్రం బకెట్‌ను మళ్ళీ డ్రమ్ములోకే వంచింది. చూసేవాళ్ళకు తడి కనిపించాలని ఒక చెంబు నీళ్ళు నాలుగు డబ్బాల మీదా చిలకరించి దిగిపోయాను. కొన్ని రోజులకు తీగలు నల్లబడ్డాయి. నేనే పీకి పెంటకుప్ప మీద పడేశాను.

స్లాబు నాదయింది. శోభ చెప్పినట్టే, అక్షరం తప్పకుండా మిగతా మొక్కలను చూసుకున్నాను. రెండుసార్లుగా తడిపాను, పలుచగా తాగించాను, కడిగాను. టమాటలు గుత్తులు గుత్తులుగా కాశాయి. “పెద్దకోడలు చెయ్యి మంచిది” అంది అత్త. నేను కోరుకున్న మాటే. రుచిగా లేదని చెబితే అబద్ధమవుతుంది. రుచిగానే ఉంది.

శోభ ఇంటి వెనక బట్టల బండ మీద కూర్చుని ఫోన్ మాట్లాడేది. ఒక పక్క మామ దగ్గుతుంటాడు, ఇంకో పక్క అత్త గిన్నెలు సర్దుతుంటుంది. “తిన్నవా? ఆఁ, తిన్న. పని ఎట్లున్నది? సరే.” అంతే. ఆ నవ్వు ఆ తర్వాత నేను వినలేదు. మరిది ఒకసారి నాకే ఫోన్ చేసి శోభకు ఏమైందని అడిగాడు. పనిలో ఉంటుందిలే అన్నాను. ఆయన రెండేళ్ళకు సెలవు మీద వచ్చేదాకా అలాగే నడిచింది. పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళు. అవి ఎవరు తెచ్చిస్తారు?

తర్వాత కాలం మంచిగానే నడిచింది. శోభకు ఆడపిల్ల పుట్టింది. అత్తకు మోకాళ్ళు పట్టేసి స్లాబెక్కడం మానింది, అడ్డు చెప్పడమూ మానింది, ఒక నిద్రలో హాయిగా పోయింది. మరిది దుబాయ్ వదిలి వచ్చి మెట్‌పల్లి రోడ్డు మీద ఆకుపచ్చ వల కట్టి నర్సరీ పెట్టాడు. అంతా పొట్టులోనే పెంచుతాం. నేను రోజూ పొద్దున వెళ్తాను. ఇటుకలు నానబెట్టి, చేత్తో చిదిమి, సంచులు నింపుతాను. నేనూ ఇప్పుడు కుండీ ఎత్తి దాహం చెప్పగలను. కొనేవాళ్ళు ఇంటికెళ్ళి పిడికిళ్ళతో యూరియా వేస్తారని, వద్దని ఒకటికి రెండుసార్లు చెప్పేదాన్ని నేనే. ఎందుకంత గట్టిగా చెబుతానో ఎవరూ అడగలేదు.

ఒక్క తమలపాకు మాత్రం మా నర్సరీలో లేదు. ఎవరైనా అడిగితే, “అది మా చేతికి రాదు” అంటుంది శోభ. అప్పుడు నేను వేరే వరసలోకి వెళ్ళిపోతాను.

ఇన్నేళ్ళూ నేనొక ఊహ తల కింద పెట్టుకుని పడుకున్నాను. శోభకు అసలు సంగతి తెలిసే ఉంటుందని. పేరుకున్న ఉప్పు సంగతి ఎరిగిన మనిషికి యూరియా పోల్చుకోవడం ఎంత? తెలిసీ ఇంటి గుట్టు కోసం ఊరుకుందని, అంటే ఒక రకంగా నన్ను మన్నించేసిందని. ఎంత సుఖమైన ఊహ!

మొన్న శోభ కూతురు పెద్దమనిషయింది. పిల్ల నర్సరీలోనే పెరిగింది, నడక కుండీల మధ్యే నేర్చింది. మరుసటి నెల ఆ రోజుల్లో పైపు అందుకోబోతుంటే శోభ ఆపింది.

“ఈ నాలుగు దినాలు మొక్కల దగ్గరికి రాకు బిడ్డా.”

“అట్లేం ఉండదమ్మా. మా బళ్ళె మేడం చెప్పింది.”

“మేడంకేమెరుక. తెల్వకుండనే ముట్టిన్నేమో, నా చేతుల్లనే నాలుగు తీగలు చచ్చిపోయినయి. కండ్లార చూసిన.”

పిల్ల గేటు దగ్గర బల్ల మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను పైపు పట్టుకుని ఉన్నాను. నీళ్ళు నా కాళ్ళ మీద పోతున్నాయి. శోభకు తెలియదు. ఆమె తన ఒట్టును తానే నమ్మడం మానేసింది. నేనన్న మాటను నమ్మింది. ఇప్పుడు దాన్ని బిడ్డకు అందిస్తోంది.

మర్నాడు పొద్దున మరిది లోడు కోసం వెళ్ళాడు. శోభా నేనూ తొట్టి దగ్గర కూర్చుని నానిన పొట్టు చిదుముతున్నాం. “శోభా, గా తీగలల్ల యూరియా వేసింది నేను” అన్నాను. అత్త అడిగితే అబద్ధం చెప్పానన్నాను. తెల్లగా పేరుకున్నది చూశానన్నాను. అక్కడ ఆగాను. ఆగిపోదామనే ఆగాను.

ఆమె చేతులు ఆగలేదు. చేతిలోని ముద్ద చిదిమేశాక, “నీళ్ళు పొయ్యమన్న గదా అక్కా. పోసినవా?” అంది.

“పోయలే.”

చేతులు ఆగాయి. “రెండేండ్లు బండ మీద కూసోని మాట్లాడిన నేను” అంది. లేచి, చేతులు కడుక్కుని, అవతలి వరసలోకి వెళ్ళింది.

అంతే. ఏడవలేదు, తిట్టలేదు. పోనీలే అక్కా అనలేదు. నేనూ అడగలేదు. ఏ మొహంతో అడగను? చాయ్ ఇప్పటికీ పంపుతుంది, కానీ ఇదివరకులా తాను తెచ్చి నా పక్కన కూర్చోదు. మరిదికి చెప్పిందో లేదో తెలియదు. ఆయన వదినా అని పిలిచినప్పుడల్లా గొంతు మారిందా అని వింటాను. ఇది నాకు దక్కాల్సిందే. విచిత్రమేమంటే, అన్నం సయిస్తోంది. నిద్ర పడుతోంది. తల కింద ఆ పాత ఊహ లేకుండానే పడుతోంది.

ఈ నెల ఒక పొద్దున నేను వెళ్ళేసరికి పిల్ల పైపు పట్టుకుని కుండీల మధ్య తిరుగుతోంది. “పెద్దమ్మా, నేను ఇయ్యాల బయట ఉన్న, ఎరుకేనా!” అని అక్కడి నుంచే అరిచింది, పండగ కబురు చెప్పినట్టు. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా తిరిగి చూశారు. శోభ గంపలు సర్దుతూ వింది. పిల్లను ఆపలేదు. నా వైపు చూడనూ లేదు.

నేను కొంగు నడుముకు చెక్కి, నా వరసలో నీళ్ళు పట్టడం మొదలుపెట్టాను.